ఫొటో బరువు తగ్గాలి... ఆకు ముడత కనపడాలి

మిరప చేలో ఆకు ముడుచుకోగానే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, యాప్‌లో పెట్టి సలహా అడిగే రైతు సోదరులు నందికొట్కూరు ప్రాంతంలోనూ ఉన్నారు. పద్ధతి మంచిదే. అయితే చేను దగ్గర సిగ్నలు సరిగా లేకపోతే ఫొటో సగం దాకా పోయి ఆగిపోతుంది. అప్పుడు ఫొటో బరువు తగ్గించాలి.

ఎందుకంత బరువు?

ఫొటో అంటే సన్నని రంగు చుక్కల కూర్పు. వీటినే పిక్సెళ్లు అంటారు. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో పొడవున 4,000, వెడల్పున 3,000 చుక్కలు, అంటే మొత్తం కోటీ 20 లక్షల చుక్కలుంటాయి. ఇది సాధారణంగా 3 నుంచి 5 ఎం.బి. ఉంటుంది. పొడవు, వెడల్పు రెండూ సగం చేస్తే చుక్కలు 30 లక్షలకు దిగుతాయి. బరువు కూడా సుమారుగా నాలుగో వంతుకు వస్తుంది.

తగ్గించేదెలా?

* కెమెరా సెట్టింగులలో ఫొటో సైజు తగ్గించే వీలుంటే ముందే తగ్గించుకోవాలి.
* తీసిన ఫొటో అయితే గ్యాలరీలో ‘ఎడిట్’ నొక్కాలి. ‘రీసైజ్’ ఉంటే సగానికి తగ్గించి, వేరే కాపీగా దాచుకోవాలి.
* ‘క్రాప్’తో అక్కరలేని ఆకాశం, నేల కత్తిరించవచ్చు.
* వాట్సాప్ మామూలుగా తానే ఫొటో బరువు తగ్గించి పంపుతుంది. దానికి ముందుగా తగ్గించే పని లేదు.

ఎక్కడ ఆపాలి?

మిరపలో తామరపురుగులు ఆశిస్తే ఆకులు పైకి ముడుచుకుంటాయి. తెల్లనల్లి ఆశిస్తే కిందికి ముడుచుకుంటాయి. 2021లో మన మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు పూతలో దాగి ఉంటుంది. ఫొటో మరీ తగ్గించి మసకబారితే ఈ తేడా తెలియదు. ఏ పురుగో తెలియకుండా మందు కొడితే డబ్బు మట్టిపాలే! అందుకే పంపేముందు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూడండి. ఆకు ఈనెలు స్పష్టంగా కనపడితే చాలు. మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, పూత, ఇలా నాలుగు ఫొటోలు ఒక్కొక్కటిగా పంపండి.

బీమా ఫొటోలతో జాగ్రత్త

పంట నష్టం ఫొటోలను కత్తిరించవద్దు. బరువు తగ్గించినప్పుడు ఫొటోలో దాగి ఉన్న తేదీ, స్థలం వివరాలు పోవచ్చు. అసలు ఫొటోను చెరపకుండా ఉంచుకోండి. ఫసల్ బీమా ఉన్నవారు వడగళ్లు, ముంపు వంటి నష్టాన్ని 72 గంటల్లోగా తెలపాలి. ఫొటో పోలేదని కాలయాపన చేయకుండా 14447కు ఫోన్ చేయండి.

పురుగుల గురించి సందేహముంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయవచ్చు. లేదా ముడుచుకున్న కొమ్మ ఒకటి తుంచి రైతు సేవా కేంద్రంలో చూపించండి.