ఉష్ణకవచము: తీయవలెనా, ఉంచవలెనా?

ఇంజను విడిచిపెట్టు వేడి పొగలోని శక్తి వృథాగా పోనేల, దానితోనే ఇంజనునకు మరింత గాలి నందింపరాదా యను ఆలోచనతో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందెను. టర్బోఛార్జరునకు అదియే మూలము. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ మోంజా స్పైడర్ కార్లు ఈ యంత్రముతో వెలువడినవి. నేడు మన ఊళ్ళలో తిరుగు డీజిల్ కార్లలోను, అనేక పెట్రోలు కార్లలోను ఇది సామాన్యమైనది.

టర్బో ప్రక్కన, పొగగొట్టముపైన, కారు అడుగున పలుచని రేకులు కొన్ని బోల్టులతో బిగింపబడి యుండును. ఇవే ఉష్ణకవచములు. షెడ్డులలో హీట్ షీల్డు లందురు. మరమ్మతు చేయునపుడు వీనిని తీయవలెనా? తీసినవానిని మరల బిగింపకున్న నష్టమేమి? ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనిపై కారులో కూర్చున్నవారి క్షేమము ఆధారపడి యున్నది.

ముందుగా వేడిమి సంగతి విచారింతము. పెట్రోలు ఇంజను పూర్తి భారముపై నడచునపుడు టర్బైనులోనికి వచ్చు పొగ వేడిమి 900 డిగ్రీల సెల్సియస్‌ను దాటగలదు. డీజిలులో ఇది సాధారణముగా అంతకంటె తక్కువ. స్టీఫాన్–బోల్ట్జ్‌మన్ నియమము ప్రకారము వస్తువు వెదజల్లు వికిరణము దాని పరమ ఉష్ణోగ్రత యొక్క నాల్గవ ఘాతము ననుసరించి పెరుగును. 300 డిగ్రీల సెల్సియస్ అనగా 573 కెల్విన్. 600 డిగ్రీలనగా 873 కెల్విన్. సెల్సియస్ అంకె రెండింతలే యైనను, వికిరణము ఐదింతలకు మించును. సామాన్యమైన రబ్బరు గొట్టములు, తీగలపై ప్లాస్టిక్ పూతలు ఇట్టి వేడిని ఓర్వజాలవు.

కవచము రెండు విధముల పనిచేయును. మెరయు లోహపు రేకు వికిరణమును చాలవరకు వెనుకకు త్రిప్పును. రేకునకు, వేడి భాగమునకు నడుమ నున్న గాలి ఉష్ణవాహనమును తగ్గించును. ఈ ఖాళీ యే పోయి రేకు టర్బోకు తగిలినచో ప్రయోజనము చాలవరకు నశించును.

“కవచము తీసిన ఇంజనునకు గాలి తగిలి చల్లబడును గదా” యని కొందరి వాదము. టర్బైను గూడు కొంత చల్లబడవచ్చును. కాని ఆ వేడి యెక్కడికి పోవును? ప్రక్కనున్న తీగలకు, బ్రేకు గొట్టములకు, ఇంజను పీల్చు గాలికి పోవును. తీసివేసిన కవచము వేడిని పోగొట్టదు, పొరుగునకు పంచును. వేడెక్కిన గాలి పలుచనై ఇంజను బలమును సైతము తగ్గించును. బండి నిలిపిన పిమ్మట ఎదురుగాలి ఆగిపోవుటచే చుట్టుపట్ల వేడిమి కొంతసేపు పెరుగును. అట్టి వేళ కారిన నూనెచుక్క నేరుగా టర్బైను గూటిపై పడినచో మంట పుట్టవచ్చును. అడుగు కవచము లేని బండిని ఎండుగడ్డిపై నిలుపుటయు ప్రమాదమే. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణముల డీజిల్ కార్లలో మసిని పట్టు వడపోత ఉండును. ఆ మసిని కాల్చునపుడు అచట వేడిమి సుమారు 600 డిగ్రీలకు చేరును.

అట్లని కవచమును ముట్టరాదని మా అభిప్రాయము కాదు. టర్బో నూనెగొట్టము, ఆక్సిజన్ సెన్సరు వంటివి దాని చాటున నున్నపుడు తీయక తప్పదు. రేకును వంచి సందులో పానా దూర్చుటకంటె పూర్తిగా తీయుటయే మేలు. అందుకు కొన్ని నియమములు కలవు. ఇంజను పూర్తిగా చల్లారువరకు వేచియుండవలెను. నీళ్ళు పోసి చల్లార్చినచో పోతయినుము పగులవచ్చును. త్రుప్పు పట్టిన బోల్టులకు ముందురోజే త్రుప్పువిడుపు నూనె పూసి, ఆరు పలకల సాకెట్టుతో కొంత విప్పుచు కొంత బిగించుచు తీయవలెను. రేకు అంచులు కత్తివలె కోయును గనుక చేతితొడుగులు అవసరము. పాతబండ్ల కవచములలో, పొగగొట్టపు గాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక వానిని పొడిగా గీకరాదు.

మరల బిగించునపుడు నూనె మరకలు తుడిచి, రంధ్రము అరిగిన చోట వెడల్పైన వాషరు వేసి, వేడినోర్చు గ్రీజును మరలకు పూయవలెను. నూనె పీల్చిన పీచుపొర యున్న కవచమును మార్చవలెను. గలగల శబ్దము చేయు రేకునకు సరియైన మందు బిగింపే గాని తొలగింపు కాదు.

విద్యార్థులారా! మనలో కొందరు రేపు షెడ్డులలో ఉస్తాదుల కడ పని నేర్వవచ్చును; కొందరు స్వయముగా ఉస్తాదులు కావచ్చును. పని ముగిసిన పిమ్మట బల్లపై ఒక రేకు, నాలుగు బోల్టులు మిగిలినచో ఆ పని ముగియలేదని గ్రహింపుడు. బండి యజమాని బానెట్టు లోనికి తొంగి చూడకపోవచ్చును. చూడని చోటను సరిగా చేయుటయే విద్యకు సార్థకత.