క్షేత్రదర్శనము – వస్త్రధారణ



మహాశివరాత్రి సమీపించుచున్నదనగా పాలమూరు, నల్లగొండ సీమలలోని మన కుటుంబములు శ్రీశైలయాత్రకు సన్నద్ధమగుచుండును. ఆ క్షేత్రమునకు ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరము, పశ్చిమద్వారమైన అలంపురము మన ప్రాంతమునందే యున్నవి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణమున ఆనాటి యాత్రిక జనమును విపులముగా వర్ణించెను. నాడు కాలినడక, నేడు బస్సు, కారు. ప్రయాణసౌఖ్యమునకై తొడిగిన దుస్తులతోనే గర్భాలయము వరకు పోవుట అలవాటైనది. చిక్కంతయు ఇక్కడనే కలదు.

శ్రీశైలమున స్పర్శదర్శనమునకు పురుషులు పంచె, కండువా ధరింపవలెను. స్త్రీలు చీర గాని, లంగా ఓణీ గాని, చున్నీతో కూడిన చూడీదారు గాని ధరింపవలెను. ఈ నియమము ఇరువురకును కలదని గమనింపుడు. మన యిండ్లలో మాత్రము ఇది ఆడపిల్లలకే చెప్పు పాఠమై పోయినది.

ఇతరులననేల? కొన్ని యేండ్ల క్రిందట ఒక క్షేత్రమునకు సకుటుంబముగా బయలుదేరితిమి. దారి పొడవునను నా కుమార్తెను చున్నీ సరిగా వేసికొమ్మని మందలించుచునే యుంటిని. ద్వారము కడ కావలివాడు ఆపినది ఆమెను గాదు, మోకాళ్ళ పైకి నిక్కరు తొడిగిన నా కుమారుని. పదిమందిలో పరుషముగా మాటలాడెను. నా భుజముపై కండువా తీసి వాని నడుమునకు చుట్టితిని. “బాపూ, తమ్మున్ని పొద్దటి సంది ఒక్క మాట అనకపోతివి” అని ఆమె యనినది. నాకు ప్రత్యుత్తరము దొరకలేదు.

తిరుగు ప్రయాణమున ఆమెయే మరల ప్రశ్నించినది: “మరి అక్కమహాదేవి బట్టలు లేకుండనే గదా శ్రీశైలం పోయింది?”

ఈ ప్రశ్నను కసరి త్రోయరాదు. అక్క రాజభవనమును, ఆభరణములను, వస్త్రములను విడిచి కేశములే ఆచ్ఛాదనముగా వెడలినది. ఆమె విడిచినది సర్వస్వము. మనము విడుచునది కొంచెము శ్రద్ధ మాత్రమే. కావున ఆమెను మనకు సాకుగా చేసికొనరాదు. అయినను ఆమె కథ పెద్దలకును ఒక హెచ్చరికయే. కేశములతో దేహమును కప్పుకొనుట యేల అని అల్లమప్రభువు ఆమెను అనుభవ మంటపమున ప్రశ్నించెనని శూన్యసంపాదనము చెప్పుచున్నది. ప్రశ్నించెను గాని త్రిప్పి పంపలేదు, ఉత్తరము విని గౌరవించెను. వస్త్రమును జూచి భక్తిని కొలుచువారు ఈ ఘట్టమును మరువరాదు.

మరియొక సంగతి. మర్యాద యన్నిచోట్ల నొకే రూపమున ఉండదు. బసవకళ్యాణమునకు వెళ్ళువారు బీదరులోని గురునానక్ ఝీరాను గూడ దర్శించుచుందురు. అచ్చట స్త్రీపురుషులు తల కప్పుకొనవలెను. తిరువనంతపురము పద్మనాభస్వామి ఆలయమున పురుషులు చొక్కా విప్పి ముండు కట్టవలెను. ఒకచోట కప్పుట గౌరవము, ఒకచోట విప్పుట గౌరవము. మన కొలనుపాకనే చూడుడు. రేణుకాచార్యుల ఆవిర్భావస్థానమని మనము కొలుచు సోమేశ్వరాలయమున్న ఆ గ్రామముననే జైనుల మహాక్షేత్రమును గలదు. సోమేశ్వరుని దర్శించి అటు పోవువారు తోలు బెల్టు, తోలు సంచి వెలుపలనే యుంచి పోవుట ఉచితము. అహింస వారికి ప్రాణము గదా! ఇంటి యజమాని ఆచారమును అతిథి పాటించుట మన పల్లెలలో ఎవరును నేర్పనక్కరలేనిది.

దేహమే దేవాలయమని బసవేశ్వరుల బోధ. ఇష్టలింగమును ధరించిన వానికి నియమము ద్వారము కడనున్న బోర్డుతో మొదలుకాదు, ఇంట బట్ట కట్టుకొనునపుడే మొదలగును. కావున బయలుదేరుటకు ముందే ఇంటిల్లిపాది, ముఖ్యముగా మగవారు, తమ దుస్తులను చూచుకొనవలెను.

ఆనాటినుండి మా యాత్రాసంచిలో ఒక పంచె, రెండు కండువాలు, ఒక నూలు చీర అదనముగా ఉండును. మొన్నటి యాత్రలో వరుసయందు నిలిచిపోయిన ఒక అపరిచిత యువకునకు ఆ పంచె నిచ్చితిని. దర్శనమైన పిదప జనసమ్మర్దములో అతడు మరల కనబడలేదు. మరియొక పంచె కొని సంచిలో పెట్టితిని.