మంటలార్పేవారికి మెట్ల పరీక్ష

సైరన్ మోగిస్తూ ఫైరింజను పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. అందులో వెళ్ళేవాళ్ళు పహిల్వానుల్లా కండలు తిరిగి ఉండాలని చాలామంది అనుకుంటారు. కండబలం కావలసిందే. కాని మంటల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ శ్రమపడేది గుండె.

అమెరికాలో చాలా ఊళ్ళలో ఈ ఉద్యోగానికి వచ్చేవారికి ‘సీపాట్’ అనే పరీక్ష పెడతారు. ఎనిమిది పనులు 10 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. చివర్లో వచ్చే ఒక పని, 75 కిలోల బొమ్మను 21 మీటర్లు ఈడ్చుకుపోవడం. మొట్టమొదటిది మాత్రం మెట్లెక్కడం. సుమారు 23 కిలోల బరువున్న చొక్కా తొడిగి, భుజాలమీద మరో 11 కిలోలు ఉంచి, కదిలే మెట్లమీద నిమిషానికి 60 చొప్పున 3 నిమిషాలు ఎక్కిస్తారు. పక్కనున్న కమ్మీమీద వాలకూడదు. వాలితే బరువులో కొంత కమ్మీయే మోస్తుంది గదా!

ఒక చిన్న లెక్క వేద్దాం. మనిషి 70 కిలోలు, మోత 34 కిలోలు, మొత్తం 104. మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లనుకుంటే, సెకనుకు 0.2 మీటరు పైకి పోతున్నాడన్నమాట. 104 × 9.8 × 0.2 = సుమారు 204 వాట్లు. ఇది పైకి కనిపించే పని మాత్రమే. కండరాలు ఖర్చుచేసే శక్తిలో మహా అయితే నాలుగో వంతు పనిగా మారుతుంది. తక్కినదంతా వేడే. అంటే ఆ మనిషి ఒంట్లో కనీసం 600 వాట్ల వేడి పుడుతోంది. ఆరు నూరు వాట్ల బల్బులు లోపల వెలుగుతున్నట్లు!

మామూలుగా చెమట ఆరుతూ ఈ వేడిని తీసుకుపోతుంది. నిప్పు తగలకుండా తొడుక్కున్న మందపాటి కోటు చెమటను సరిగా ఆరనివ్వదు. కండరాలకూ రక్తం కావాలి, వేడిని బయటికి చేర్చడానికి చర్మానికీ కావాలి. చెమటతో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంది. ఇన్ని అవసరాలకూ ఒక్క గుండే సమాధానం చెప్పుకోవాలి. అమెరికాలో 2007లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, డ్యూటీలో మరణించిన అగ్నిమాపక సిబ్బందిలో నూటికి 45 మంది గుండెజబ్బుతోనే పోయారు. మంటలార్పడంలో వారు గడిపేది డ్యూటీలో చాలా కొద్దికాలం. అయినా ఆ గుండె మరణాల్లో దాదాపు మూడో వంతు ఆ కాస్త సమయంలోనే జరిగాయి.

ఇక గాలి సంగతి. పొగలోకి వెళ్ళేవారు వీపున గాలి సిలిండరు మోస్తారు. 1200 లీటర్ల గాలి ఉంటే, నిమిషానికి 40 లీటర్ల చొప్పున 30 నిమిషాలు వస్తుంది. ఆయాసంతో 80 లీటర్లు పీల్చేవాడికి 15 నిమిషాలే. సిలిండరు అదే, ఊపిరి వేరు.

అందుకే శిక్షణలో పరుగు, మెట్లు నెలల తరబడి సాగుతాయి. అభ్యాసంతో గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. కనుక అదే పనికి తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. పూర్తి దుస్తులతో, చీకటి గదుల్లో కూడా సాధన చేయిస్తారు. బెదరని వాడి ఊపిరి నిదానంగా సాగుతుంది మరి.

మీరూ ఒకటి చేసి చూడండి (ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు వద్దు). కూర్చుని మణికట్టు దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కించి, 4తో గుణించండి. బరువేమీ లేకుండా 3 నిమిషాలు ఒకే మెట్టు ఎక్కి దిగండి. ఆగిన వెంటనే ఒకసారి, నిమిషం తరువాత మరోసారి లెక్కపెట్టి రాసుకోండి. నెలరోజులు ప్రతిదినం పరుగెత్తాక, అదే మెట్టుమీద మళ్ళీ కొలవండి.