నిషేధకాలమున తెరచాప పడవల మరమ్మతు

ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిలిపివేయబడుచున్నది. ఆ దినములలో శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు ఇసుక తీరములందు ఫైబరు తెప్పలు గట్టుననే యుండుట పంచాయతీ సభ్యులెరిగినదే. ఈ విరామము చేపలకు మేలుచేయును గాని, గట్టుననున్న పడవను ఎండయు ఉప్పును తినుచునే యుండును. మోటారు నడిసముద్రమున ఆగినచో మనుష్యులను ఒడ్డుకు చేర్చవలసినది తెరచాపయే. కావున మోటారు తెప్పపై నున్న చాపను, కొయ్యను కూడ ఇప్పుడే పరీక్షింపవలెనని మా మనవి.

మొదట త్రాళ్లను చూడవలెను. చౌకగా దొరకు పాలీప్రొపిలీను త్రాడు నీటిపై తేలును గాని, ఎండకు త్వరగా పెళుసెక్కును. పైకి పొడి రాలుచున్న త్రాటితో కొయ్యను నిలుపరాదు. కొయ్యను పట్టియుంచు త్రాళ్లకును, చాపనెత్తు త్రాటికిని సాగుదల తక్కువగల పాలియెస్టరు మేలు. నైలాను సాగును, అందుచే అలల కుదుపును ఓర్చుకొనును. అది లంగరునకు తగినది. ముడివేసినచోట త్రాటి బలము రమారమి సగమునకు తగ్గును. పురులు విప్పి పెనవేసిన అతుకునందు బలము చాలవరకు నిలుచును. నారత్రాటికి మూడు పెనలు చాలినచోట, జారు గుణముగల నైలానుకు ఐదు వేయవలెను. ఈ పని పెద్దలకు తెలియును. కుర్రవారికి నేర్పుటకు ఇదే అదను.

చాపలో గుడ్డకంటె కుట్లే ముందు చెడును. దారమును గోటితో గీరినప్పుడు తెగినచో ఆ కుట్టంతయు తిరిగి వేయవలెను. పిదప మంచినీట కడిగి, ఆరబెట్టి, ఎలుకలు చేరనిచోట దాచవలెను. కొయ్యకు ఇనుపపట్టీ ఉన్నచోట పట్టీ తీసి చూడవలెను. కుళ్లు దాని క్రిందనే దాగియుండును.

నిరుడు ఎనిమిదిమంది లాగిన తెప్పకు ఈ ఏడు పన్నెండుమంది కావలసివచ్చినచో, లోనికి నీరు చేరినదని శంకింపవలెను. పగులును గీకి, పూర్తిగా ఆరిన పిదపనే గాజునార, రెసిను వేయవలెను. ఇందొక ప్రాణాపాయము కలదు. రెసినులో వేయు కోబాల్టు ద్రవము, గట్టిపరచు హార్డెనరు ఒకదానితో నొకటి నేరుగా కలిసినచో మండి పేలగలవు. కోబాల్టును ముందు రెసినులో బాగుగా కలిపిన పిమ్మటనే హార్డెనరును కొలతప్రకారము చేర్చవలెను. హార్డెనరు కంటబడినచో చూపు పోవచ్చును. వెంటనే చాలసేపు నీటితో కడుగుచు వైద్యునికడకు కొనిపోవలెను. ఆ సీసాలను ఇండ్లలో ఉంచుటను పంచాయతీ వారింపవలెను.

పంచాయతీ చేయదగినది పెద్ద ఖర్చు కాదు: తీరమున ఒక తాటాకు పాక, ఒక మంచినీటి కుళాయి, పడవలను ట్రాక్టరు ట్రైలరుపై పాకకు చేర్చుటకు వంతులు. జూన్ మొదటివారమున ప్రతి తెప్పపై కొయ్య నిలిపి, చాపనెత్తి, ఇసుకపైననే ఇద్దరు మనుష్యులు త్రాళ్లను బిగలాగి చూడవలెను. తెగవలసిన త్రాడు అచ్చటనే తెగును.