అప్‌డేట్ పడ్డాక టాస్క్‌బార్ మాయమవుతుంటే

విండోస్ 11 అప్‌డేట్ అయినప్పటి నుంచి టాస్క్‌బార్ ఉన్నట్టుండి మాయమై, కాసేపటికి తిరిగి వస్తోందని, ఫార్మాట్ చేయించాలా అని విజయనగరం పాఠకురాలి ప్రశ్న.

అక్కర్లేదు. టాస్క్‌బార్, డెస్క్‌టాప్, ఫోల్డర్లు మూడింటినీ నడిపేది విండోస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఒకే ప్రాసెస్. అది కుప్పకూలితే మూడూ పోతాయి, విండోసే దాన్ని మళ్లీ లేపుతుంది. దాచుకున్న ఫైళ్లు ఎక్కడికీ పోవు.

ముందు కారణం పట్టుకోవాలి. స్టార్ట్ మెనూలో ఇంగ్లిష్‌లో ‘రిలయబిలిటీ’ అని వెతికితే రోజువారీ గ్రాఫ్ వస్తుంది. ఎర్ర గుర్తున్న రోజుపై నొక్కి సాంకేతిక వివరాలు తెరిస్తే ‘ఫాల్ట్ మాడ్యూల్’ పేరు కనిపిస్తుంది. అది కుడి క్లిక్ మెనూలో చేరిన ఏ జిప్ సాఫ్ట్‌వేర్‌దో అయితే, దాన్ని తీసేసి చూడాలి. అప్‌డేట్‌పై పడే నింద చాలాసార్లు ఇలాంటివాటిదే.

కాదంటే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘sfc /scannow’ ఆదేశంతో పాడైన సిస్టమ్ ఫైళ్లను బాగుచేయించవచ్చు. అదీ పనిచేయకపోతే అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి ఆ ఒక్క అప్‌డేట్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొన్నాళ్లు ‘పాజ్’లో పెట్టాలి.

అప్‌డేట్లను పూర్తిగా ఆపేయడం మాత్రం ప్రమాదం. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్యాచ్ పడని కంప్యూటర్లనే మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పట్టుకుంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవీ కొన్ని ఉన్నాయి.