నిమ్మకాయయు కొత్తిమీరయు: వీనిలో నేది పుష్టికరము?

గడచిన వేసవిలో నొక గ్రామసంఘపు సభయందు మేము ఆహారమును గూర్చి ప్రసంగించుచు, నిమ్మకాయ మిక్కిలి పుల్లనిది గనుక దానియందు విటమిను సి మెండుగా నున్నదని తొందరపాటున చెప్పియుంటిమి. వెనుక కూర్చున్న యొక వృద్ధురాలు లేచి, "బాబూ, పులుపులోనే బలముంటే, పుట్టింది మొదలు చింతపండు పులుసు తాగుతున్న మేమంతా ఉక్కుముక్కల్లా ఉండాలి గదా?" అని యడిగినది. సభ యంతయు నవ్వినది. మేము బదులు చెప్పలేకపోతిమి. ఇల్లు చేరి పట్టికలు తిరుగవేసి చూడగా ఆమె పట్టిన తప్పు నిజముగా తప్పేయని తేలినది. 100 గ్రాముల చింతపండు గుజ్జులో విటమిను సి 4 మిల్లీగ్రాములకు మించి లేదు. నిమ్మ పులుపు సిట్రిక్ ఆమ్లము వలన గలిగినది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లము వలన గలిగినది. విటమిను సి యనునది ఈ రెంటికిని వేఱైన ఆస్కార్బిక్ ఆమ్లము. దానిని నాలుకతో కొలుచుట సాధ్యము కాదు.

ఆ సభలోనే మఱియొక సభ్యుడు, "అట్లయిన కొత్తిమీర వాసనకే గాని దేనికిని కొఱగాదా?" యనియు నడిగియుండెను. ఈ రెండు ప్రశ్నలకు బదులుగా ఈ పాఠమును వ్రాయుచున్నాము.

నిమ్మకు కీర్తి వచ్చిన కథ మేము మిషను బడిలో చదువుకొను నాడు వినినదే. పూర్వము నెలల తరబడి ఓడలపై నుండు నావికులకు చిగుళ్లు వాచి, నెత్తురు కాఱి, పాతగాయములు తిరిగి విచ్చుకొని ప్రాణము పోవుచుండెడిది. 1747 సంవత్సరమున జేమ్సు లిండు అను ఓడవైద్యుడు అట్టి రోగులను 12 మందిని ఇద్దఱిద్దఱుగా విడదీసి, ఒక జంటకు వినిగరు, ఒక జంటకు గంధకామ్లము కలిపిన నీరు, ఒక జంటకు నారింజ, నిమ్మపండ్లు, ఇట్లు తలకొక మందు నిచ్చి చూచెను. పండ్లు తినినవారే త్వరలో కోలుకొనిరి. వినిగరును పుల్లనిదే, గంధకామ్లమును పుల్లనిదే; అయినను ఆ జంటలకు గుణము కలుగలేదు. మేము సభలో ఆ కథను సగము మాత్రమే జ్ఞప్తియందుంచుకొని మాటలాడితిమి. 1795 నుండి ఇంగ్లీషు నౌకాదళమువారు నావికులకు నిమ్మరసము నిచ్చుచు వచ్చిరి. అయితే వారు మొదట వాడినది పసుపుపచ్చని పెద్దనిమ్మ. తరువాత 1860 ప్రాంతమున దానికి బదులు మన నిమ్మవంటి చిన్నకాయ రసమును వాడసాగిరి. 1875లో ఉత్తరధ్రువ ప్రాంతమునకు బోయిన వారికి ఆ రసము త్రాగుచుండగనే పాతరోగము మరల తగిలినది. చిన్నకాయలో ఆ సత్తువ తక్కువగుటయు, నిలువయుంచిన రసమున అదియు నశించుటయు దీనికి కారణములు.

ఇక అంకెలను చూతము. అమెరికా వ్యవసాయశాఖవారి పట్టిక ప్రకారము 100 గ్రాములకు విటమిను సి పెద్దనిమ్మలో 53 మిల్లీగ్రాములు, మన చిన్ననిమ్మలో 29, పచ్చి కొత్తిమీరలో 27. అనగా మన నిమ్మకును కొత్తిమీరకును ఈ విషయమున భేదము లేదనియే చెప్పవచ్చును. మన దేశపు పాత పట్టికలలో కొత్తిమీరకు 135 మిల్లీగ్రాములని కూడ కనబడును. ఆకు లేతదనమును బట్టియు, కోసి యెంతసేపైనదను దానిని బట్టియు ఇట్టి అంకెలు మాఱును. రైతునకు తక్కువ అంకెను నమ్ముటయే క్షేమము గనుక మేము 27నే గ్రహించితిమి.

తక్కిన విషయములలో మాత్రము పోటీయే లేదు. సున్నము కొత్తిమీరలో 67 మిల్లీగ్రాములు, నిమ్మలో 33. ఇనుము కొత్తిమీరలో 1.8, నిమ్మలో 0.6. ఫోలేటు అను విటమిను కొత్తిమీరలో 62 మైక్రోగ్రాములు, నిమ్మలో 8. (ఈ జాతికి చెందిన ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగా సిద్ధపఱచిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారని సభ్యు లెఱిగియుందురు గాక.) అన్నిటికంటె ముఖ్యమైనది కెరోటీను. శరీరము దీనిని విటమిను ఏగా మార్చుకొనును. ఇది చాలనిచో పిల్లలకు రేచీకటి కలుగును. కొత్తిమీరలో ఇది రమారమి 3,900 మైక్రోగ్రాములు. నిమ్మలో లేదన్నను తప్పు లేదు.

ఇంతటితో కొత్తిమీర గెలిచినదని తీర్పు చెప్పరాదు. 100 గ్రాముల కొత్తిమీరను ఒక పూట తినువారిని మే మెక్కడను చూడలేదు. చారుపై చల్లునది మూడు, నాలుగు గ్రాములుండును, అది వాసనకే. కాని పచ్చడి నూఱుకొన్నచో మనిషికి 25 గ్రాములు సులభముగా చెల్లును. అందు విటమిను సి 7 మిల్లీగ్రాములకు కొంచెము తక్కువ. మధ్యరకపు నిమ్మకాయ పిండిన 20 గ్రాముల రసము వచ్చుననుకొన్నచో, అందుండునది 6. కాగా ఒక కాయకును ఒక పిడికెడు ఆకు పచ్చడికిని సరిసమానము. పచ్చడితోపాటు లభించు కెరోటీను అధికలాభము.

అయితే ఈ 6, 7 మిల్లీగ్రాములు ఏ మూలకు? హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో నిర్ణయించిన ప్రకారము దినమునకు పురుషునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు కావలెను. మన పెరటి జామపండు ఒక్కటి తినిన ఈ లెక్క తీఱిపోవును. నిమ్మను సర్వరోగనివారిణిగా పొగడువారు ఈ మాట చెప్పరు. నిమ్మయొక్క అసలు ప్రయోజనము వేఱు. అది యేడాది పొడుగునను దొరకును, కోసిన తరువాత పదిదినములైనను చెడక నిలుచును, అన్నిటికంటె మించి భోజనములోనే కలియును. రాగి, సజ్జ, పప్పు, ఆకుకూరలయందలి ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. అదే ముద్దతో విటమిను సి కూడ కడుపులోనికి బోయినచో పూర్వముకంటె హెచ్చుగా పట్టును. ఉదయమున జామపండును రాత్రి సజ్జరొట్టెయు తినిన ఈ మేలు కలుగదు. రెండును ఒకే పూట గావలెను.

మేము దీని నింత నొక్కి చెప్పుటకు కారణ మొకటి గలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి మించి రక్తహీనులని తేలినది. ఇది పేదయిండ్లకు మాత్రమే పరిమితమైన బాధ కాదు. రెండెకరముల నిమ్మతోట గల యొక రైతు నింటికి మేము పోయియుంటిమి. వేసవి యగుటచే కాయ ధర మిన్నంటియున్నది. గూడూరు, తెనాలి, నకిరేకల్ వంటి నిమ్మబజారులు గలచోట్ల రైతుల కీ సంగతి తెలియనిది కాదు. గాలికి రాలిన కాయలతో సహా బస్తాల కెత్తి పంపివేసిరి. ఆ యింటి కోడలు అయిదవ నెల గర్భిణి. నెత్తురు చాలదని ఆసుపత్రిలో ఇనుప మాత్ర లిచ్చియుండిరి. ఆమె వానిని నిత్యము వేడి టీతో మ్రింగుచున్నది! టీయందలి వగరు ఇనుమును పట్టి శరీరమునకు చక్కగా పట్టనీయదు. "మంచినీళ్లతో మింగమ్మా, అందులో నిమ్మచెక్క పిండుకో" అని మేము చెప్పగా, అత్తగారు, "కాయ అయిదు రూపాయలు పలుకుతుంటే నీళ్లల్లో పిండుకుంటామా అయ్యా?" అనినది. ఆమె దుర్మార్గురాలు కాదు. ఆ తోటమీద నున్న యప్పు అట్లు పలికించినది. అయినను దినమున కొక కాయ యింట మిగుల్చుకొన్నంత మాత్రమున నే తోటయు మునిగిపోదని మేము గట్టిగా చెప్పివచ్చితిమి. మాత్రలు మానవలదనియు, టీ త్రాగక తీరదన్నచో భోజనమునకును మాత్రకును గంట, రెండు గంటలు ఎడముగా త్రాగుమనియు కోడలికి చెప్పితిమి.

వంటయింటి పద్ధతు లిట్లుండవలెను. విటమిను సి వేడికిని గాలికిని నశించునది. కావున పులిహోరకైనను పప్పునకైనను రసమును పొయ్యినుండి దించి, కొంత చల్లారిన పిదప పిండవలెను. కొత్తిమీరను తరిగి నీట నానవేయక, కడిగిన తరువాత తరుగవలెను. పచ్చడి పచ్చిగా నూఱి ఆ పూటకే చెల్లించుట మేలు. అందు నాలుగు వేరుసెనగ గింజలో, నువ్వులో కలిపినచో, నూనె తగిలి కెరోటీను చక్కగా పట్టును. పిల్లల ముద్దలో కారము తగ్గించి కలుపుడు. నిమ్మరసమును కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలలో నుంచరాదు. ఎండలో పెట్టి ఏడాది నిలిపిన ఊరగాయ రుచికే గాని విటమిను సికి లెక్కకు రాదు. పైగా ఉప్పు హెచ్చు. నెత్తురు గడ్డకట్టకుండుటకు వార్‌ఫరిన్ వంటి మాత్రలు వాడువారు మాత్రము కొత్తిమీర పచ్చడిని ఒక్కసారి హెచ్చింపక వైద్యు నడుగవలెను. ఆ ఆకులో విటమిను కె విశేషముగా నున్నది.

ఆకు బజారునుండి తెచ్చు లోపలనే వాడిపోవును గనుక కొత్తిమీర పెరటిలో నుండుటయే తగును. ధనియాలను అరచేతితో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానవేసి విత్తవలెను. నెల మొదలు నలువది దినములలో ఆకు కోతకు వచ్చును. రెండు వారముల కొక చిన్నమడి చొప్పున విత్తుచున్నచో ఇంటికి లోటుండదు. వేసవిలో నీడ కావలెనని కొందఱు నిమ్మచెట్ల క్రిందనే మడి కట్టుచున్నారు. చెట్లకు పురుగుమందు చల్లునప్పుడు బొట్లన్నియు ఆ యాకుమీదనే పడును. మందు కొట్టు తోటలో దీనిని విత్తవలదు. పెరటిలో చిన్నపందిరి వేసి, దాని నీడను విత్తుకొనుడు.