బిజినెస్ ప్లాన్ పోటీ: తన్లిన్ ఫెర్రీ బస్సుల లెక్క

"అన్నా, మా కాలేజీ నుంచి బిజినెస్ ప్లాన్ పోటీకి వెళ్తున్నాం, కాస్త చూసి పెట్టవా?" అంటూ జూనియర్ ఎవరైనా మీకు పిడిఎఫ్ పంపారా? ఇంకా పంపకపోతే త్వరలోనే పంపుతారు. విదేశాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి ఇది తప్పని పని. ఆ పిడిఎఫ్ తెరిస్తే రెండో పేజీలో ఒక పెద్ద అంకె, దాని కింద "ఇందులో ఒక్క శాతం మనకొచ్చినా చాలు" అనే వాక్యం, చివర్లో ఆకాశంలోకి దూసుకుపోయే గ్రాఫు ఉంటాయి. మనం నాలుగు అచ్చుతప్పులు దిద్ది, "బాగుంది తమ్ముడూ, ఆల్ ద బెస్ట్" అని తిప్పి పంపేస్తాం. అంతకన్నా పనికొచ్చే సాయం ఏం చెయ్యొచ్చో, మయన్మార్‌లో తన్లిన్ అనే ఊళ్ళో నేను దగ్గరుండి చూసిన ఒక ప్లాన్ ఆధారంగా చెబుతాను.

ముందు కొంచెం చరిత్ర. ఈ పోటీలకి ఆద్యం 1984లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో మొదలైన మూట్ కార్ప్. లా కాలేజీ పిల్లలు ఉత్తుత్తి కోర్టులో వాదించడం నేర్చుకున్నట్టే, ఎంబీఏ పిల్లలు ఉత్తుత్తి కంపెనీ పెట్టి పెట్టుబడిదారుల ముందు వాదించాలన్నది ఆలోచన. ఆ తర్వాత ఎంఐటీలో పదివేల డాలర్లతో మొదలైన పోటీ యాభై వేలకి, 2006లో లక్షకి పెరిగింది. మన దేశంలో ఐఐటీ బొంబాయి వాళ్ళ యురేకా ఉంది.

ఎంఐటీ పోటీ గురించి ఒక ముచ్చట. 1998లో అక్కడ ఫైనల్స్ దాకా వెళ్ళి గెలవకుండా బయటికొచ్చిన ఒక జట్టుంది. అదే అకమై. అందులో డానీ లెవిన్ అనే విద్యార్థి, టామ్ లైటన్ అనే లెక్కల ప్రొఫెసరు ఉన్నారు. మరుసటి ఏడాది అక్టోబరుకల్లా ఆ కంపెనీ షేరు మార్కెట్‌కి వచ్చేసింది. కాబట్టి బహుమతి రాలేదని జూనియర్ దిగులు పడితే ఈ కథ చెప్పండి. వచ్చిందని గంతులేస్తే కూడా ఇదే చెప్పండి.

రెండో ముచ్చట మయన్మార్‌కి సంబంధించినది. 2006లో స్టాన్‌ఫర్డ్‌లో, పేదవాళ్ళు కొనగలిగే వస్తువుల్ని రూపొందించడం నేర్పే ఒక కోర్సులో శామ్ గోల్డ్‌మన్, నెడ్ టోజన్ ఒక జట్టులో ఉన్నారు. ఆ జట్టు మయన్మార్ పల్లెలకి వెళ్ళి, కరెంటు లేని ఇళ్ళలో దీపాల సంగతి చూసింది. అక్కణ్ణించి పుట్టినదే డి.లైట్ అనే సౌరదీపాల కంపెనీ. 2007లో డ్రేపర్ ఫిషర్ జర్వెట్‌సన్ అనే వెంచర్ సంస్థ నడిపిన పోటీలో వాళ్ళు రెండున్నర లక్షల డాలర్లు గెలుచుకున్నారు. ఆ జట్టుకి ప్లాన్ రాసేముందే తమ కొనుగోలుదారుణ్ణి అతని ఇంట్లో, చీకటి పడ్డాక చూసే అవకాశం దొరికింది. మన జూనియర్ల ప్లాన్లలో లేనిది సరిగ్గా ఇదే.

రంగానికి అవతలి ఒడ్డు

మన పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. ఉత్తరాంధ్ర నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఓడెక్కి రంగం వెళ్ళినవాళ్ళు కోకొల్లలు. ఆ రంగం నుంచి బాగో నది మీది వంతెన దాటితే వచ్చే ఊరు తన్లిన్. బ్రిటిష్‌వాళ్ళు దాన్ని సిరియం అన్నారు. బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీ అక్కడే ఉండేది, అందులో మనవాళ్ళు కూలిపనులు చేశారు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడుతోందని బ్రిటిష్‌వాళ్ళే దాన్ని ధ్వంసం చేసి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ దగ్గర్లో తిలవా ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. జపాన్ భాగస్వామ్యంతో కట్టిన దాని మొదటి దశ 2015లో తెరుచుకుంది. అక్కడి ఒక ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పెట్టే పని మీద నేను 2018, 2019ల్లో చాలా నెలలు గడిపాను.

తన్లిన్‌లో సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకటి, నౌకావిద్య నేర్పేది ఒకటి, తూర్పు యాంగోన్ విశ్వవిద్యాలయం ఒకటి ఉన్నాయి. వీటిలో ఒకదాంట్లో చదివే నలుగురు పిల్లలు, యాంగోన్‌లో జరిగే విద్యార్థుల బిజినెస్ ప్లాన్ పోటీకి వెళ్తూ, ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు. అక్కడ గురువుని 'సయా' అంటారు. "సయా, మా ప్లాన్ చూస్తారా?" అన్నారు.

వాళ్ళ ప్లాన్ ఫెర్రీల గురించి. యాంగోన్ చుట్టుపక్కల ఫెర్రీ అంటే పడవ కాదు, ఉద్యోగుల్ని ఇంటి నుంచి ఫ్యాక్టరీకి తీసుకెళ్ళే బస్సు. చాలావరకు జపాన్ నుంచి వచ్చిన పాత బస్సులు. వాటిలో కొన్నిటికి తలుపు రోడ్డు మధ్యలోకి తెరుచుకునేది! జపాన్‌లో ఎడమవైపు నడుపుతారు, మయన్మార్‌లో కుడివైపు. పిల్లల ఆలోచన ఏమిటంటే, బస్సు ఎక్కడుందో పనివాళ్ళు ఫోన్లో మ్యాపు మీద చూసుకుంటారు, అందుకు నెలకి 500 క్యాట్‌లు కడతారు. 2014లో కొత్త ఫోన్ కంపెనీలు వచ్చాక సిమ్ కార్డు 1,500 క్యాట్‌లకే దొరకడం మొదలై అందరి చేతిలోనూ ఫోను ఉంది కదా, అందులో ఒక్క శాతం... అని మామూలు పాట.

మార్కెటు అంకె జోలికి వెళ్ళకుండా నేను ఒకటే అడిగాను. ఈ ప్లాన్‌లో ఏ ఒక్క ఊహ తప్పయితే మిగతాదంతా కూలిపోతుంది? నలుగురూ కాసేపు వాదించుకుని, "పనివాళ్ళు 500 కడతారన్నది" అన్నారు. సరే, పోటీకి అయిదు వారాలుంది, వెళ్ళి అడిగి రండన్నాను.

రెండు వారాల తర్వాత వాళ్ళు తెచ్చిన సమాచారం నాకు భలే నచ్చింది. పనివాళ్ళకి మ్యాపు అక్కర్లేదు. బస్సు ఆలస్యమైతే బస్సు మొత్తం ఆలస్యమే, తిట్లు ఒక్కరికి పడవు. ఇక మ్యాపు చూసి చేసేదేముంది? అవసరమంతా ఫ్యాక్టరీ వాళ్ళకి. కుట్టు లైనులో ఇవాళ ఎవరు రాలేదో తెల్లవారి ఏడింటికే తెలిస్తే సూపర్వైజరు మనుషుల్ని సర్దుకోగలడు, ఎనిమిదింటికి తెలిస్తే అప్పటికే లైను ఆగి ఉంటుంది. అంటే అమ్మాల్సింది మ్యాపు కాదు, బస్సు తలుపు దగ్గర లెక్క. డబ్బు కట్టేది పనివాడు కాదు, ఫ్యాక్టరీ.

అప్పుడు వాళ్ళు ప్రోగ్రాం రాయడానికి కూర్చోబోతే ఆపాను. ప్రతి బస్సులో పనివాళ్ళలోనే ఒకరు ఫెర్రీ లీడరుగా ఉంటారు. వానాకాలం పొద్దున ఆరింటికి ఆమె టిక్కులు పెడుతుందా లేదా అన్నది తెలియడానికి జావా అక్కర్లేదు కదా. రెండు బస్సుల్లో కాగితం పట్టీలిచ్చి, టిక్కులు పెట్టాక ఫొటో తీసి వైబర్‌లో పంపమన్నారు. పది రోజుల్లో తొమ్మిది రోజులు ఏడింటిలోపు ఫొటో వచ్చింది. రాని ఒక్క రోజు ఫోన్లో ఛార్జింగ్ లేదట.

ఈ ప్రయోగంలో ఇంకొకటి బయటపడింది. ఇంజినీర్లకి ఇది పనికొస్తుంది. మయన్మార్‌లో అప్పటికి రెండు రాతకోడ్‌లు నడుస్తున్నాయి, యూనికోడ్ ఒకటి, జోజీ అనే పాత ఫాంటు ఒకటి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి కానీ లోపల వరస వేరు. ఒకప్పుడు మన తెలుగు దినపత్రికలు ఒక్కోటి ఒక్కో ఫాంటు పెట్టుకున్న రోజులు గుర్తున్నవాళ్ళకి వివరించక్కర్లేదు. ఫ్యాక్టరీ జాబితాలో ఉన్న పేరు, లీడరు ఫోన్లో టైపు చేసిన పేరు ఒకటే అయినా కంప్యూటర్‌కి రెండూ వేర్వేరు. 2019 అక్టోబరు 1న ప్రభుత్వమే యూనికోడ్‌కి మారింది కానీ పోటీ అంతకుముందే. పిల్లలు పేర్లు వదిలేసి ఉద్యోగి నంబర్లు పట్టుకున్నారు. పోగొట్టుకోబోయిన మూడు వారాల పని దక్కింది.

ఇప్పుడు లెక్క

ఇది కాస్త నెమ్మదిగా చదవండి. ఒక బస్సుకి ఫ్యాక్టరీ నెలకి 15,000 క్యాట్‌లు కడుతుందనుకున్నారు, ఇద్దరు మేనేజర్లని అడిగాకే. అప్పట్లో డాలరుకి సుమారు 1,500 క్యాట్‌లు. అంటే బస్సుకి పది డాలర్లు. లీడరు ఫోన్ డేటాకి వాళ్ళిచ్చేది 5,000. లీడర్లు మారినప్పుడల్లా వెళ్ళి నేర్పించడానికీ, పొద్దున్నే లెక్క రాని బస్సుకి ఫోన్ చెయ్యడానికీ ఒక మనిషి కావాలి. అతని జీతం 2,50,000.

30 బస్సులుంటే రాబడి 4,50,000. డేటా 1,50,000, జీతం 2,50,000 పోతే మిగిలేది 50,000. నలుగురు పంచుకుంటే టీ ఖర్చులకి సరి. 60 బస్సులకీ అదే ఒక్క మనిషి సరిపోతే? రాబడి 9,00,000లో డేటా 3,00,000, జీతం 2,50,000 పోగా 3,50,000 మిగులుతుంది. అదే 60 బస్సులకి ఇద్దరు మనుషులు కావాల్సివస్తే మిగిలేది లక్షే. కాబట్టి ఈ వ్యాపారం బతుకు ఎన్ని ఫ్యాక్టరీలు వస్తాయన్న దాని మీద లేదు, ఒక మనిషి ఎన్ని బస్సులు చూసుకోగలడన్న దాని మీద ఉంది. ఈ ఒక్క గడి మారిస్తే ఎక్సెల్ షీటంతా రంగు మారుతుంది. అయిదో ఏడాది గ్రాఫు తీసేసి, పిల్లలు పోటీలో ఈ గడినే తెరమీద చూపించారు.

ఒక జడ్జి "ఫ్యాక్టరీ వాళ్ళే ఈ పట్టీ పెట్టుకుంటే మీరెందుకు?" అన్నాడు. అసలు ప్రశ్న ఇదే. దానికి వాళ్ళ దగ్గర జవాబుంది. చాలా బస్సుల్లో రెండు మూడు ఫ్యాక్టరీలవాళ్ళు కలిసి వస్తారు, ఒకళ్ళ పట్టీ ఇంకొకళ్ళకి పనికిరాదు. ఆ జవాబు క్లాసులో కూర్చుంటే వచ్చేది కాదు. రెండో బహుమతి వచ్చింది.

బహుమతి కన్నా కష్టమైన నిర్ణయం ఆ తర్వాత వచ్చింది. నలుగురిలో ఒకమ్మాయికి సింగపూర్‌లో ఉద్యోగం ఖాయమైంది. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినాయన. ఆమెకి తెలుగు మాటలు ఓ పది వచ్చు, అందులో సగం వంటలే. నాన్నకి రిటైర్మెంటు దగ్గరపడింది, ఇంట్లో వెళ్ళమంటున్నారు. ఏం చెయ్యను సయా అంటే నేనేం చెప్పగలను? ఆమే ఆ గడి మీద గీత గీసుకుంది. కంపెనీని బతిమాలి చేరే తేదీ ఏడాది వెనక్కి జరిపించుకుంది. ఆ ఏడాదిలో 60 బస్సులకి చేరాలి, మనిషికి 50 బస్సులకి తగ్గకూడదు, లేకపోతే వెళ్ళిపోతాను అని కాగితం మీద రాసి మిగతా ముగ్గురిచేత సంతకం పెట్టించింది.

2020 ఫిబ్రవరికి వాళ్ళు 47 బస్సులకి వచ్చారు. తక్కువేం కాదు. కానీ లీడర్లు అనుకున్నదానికన్నా తరచుగా మారేవారు, ఒక మనిషికి పాతిక బస్సులు చూడటమే గగనమైంది. రెండో మనిషిని పెట్టుకున్నారు. రాబడి 7,05,000. డేటా 2,35,000, జీతాలు 5,00,000 పోతే నెలకి 30,000 నష్టం. ఆమె సింగపూర్ వెళ్ళిపోయింది. ముగ్గురూ బస్టాండు దాకా వెళ్ళి సాగనంపారట, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనుకోలేదట. ఏడాది తిరిగేసరికి, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం పట్టింది, మార్చిలో మొబైల్ డేటా ఆపేశారు. ఫోన్ డేటా మీద నడిచే ఏ చిన్న వ్యాపారానికైనా అది ఊపిరి తీసే దెబ్బే.

ఇక మీ జూనియర్ పిడిఎఫ్ సంగతి. చదివాక ఒక చిన్న జవాబు రాయండి చాలు. ఏ ఊహ తప్పయితే ప్లాన్ కూలుతుందో ఒక్క వాక్యంలో రాయమనండి. ఆ ఊహని ఎవరిని అడిగి వేశారో, ఎంతమందిని అడిగారో పక్కనే రాయమనండి. ప్రోగ్రాం రాయకుండా దాన్ని పదిరోజుల్లో పరీక్షించే మార్గం ఉందేమో చూడమనండి. ఎంత దాకా వస్తే కొనసాగుతారో, ఎక్కడ ఆగిపోతారో ఆ అంకె ముందే వేసుకోమనండి, ముఖ్యంగా చేతిలో ఉద్యోగం ఉన్నవాళ్ళని. ఇవన్నీ పూర్తిచేసి రెండోసారి పంపితే అప్పుడు అచ్చుతప్పులు దిద్దండి.